షాందెలర్‌కి ముప్పై క్రెప్‌లు: నా మూడు వారాల కథ

జనవరి 12, సోమవారం సాయంత్రం. మా చిన్నోడి బడి సంచిలోంచి ఎప్పటిలాగే నోటుపుస్తకం తీశాను. ఇక్కడ బడి నుంచి ఏ కబురు పంపాలన్నా ఒక చీటీ ఆ పుస్తకంలో అతికించి పంపుతారు. మనం చదివి, కింద సంతకం పెట్టి తిప్పి పంపాలి. ఈసారి చీటీలో ఉన్న సంగతి ఇది: ఫిబ్రవరి 2న షాందెలర్ (ఇక్కడ ఫ్రాన్స్‌లో క్రెప్‌లు చేసుకు తినే పండగ), ఆ రోజు మధ్యాహ్నం క్లాసులో పిల్లలందరికీ క్రెప్‌లు పెడతాం, తేగలిగినవాళ్లు ఎన్ని తెస్తారో రాయండి. బాదం, హేజెల్‌నట్, వేరుశనగ లాంటివి ఏవీ తగలకూడదని కింద గీత గీసి మరీ రాశారు.

నేను కలం తీసి "30" అని రాసేశాను.

తెనాలిలో మా ఇంట్లో ఆదివారం పొద్దున పదిమందికి అట్లు పోసిన చెయ్యి నాది. క్రెప్ అంటే ఏముంది, మైదా అట్టేగా అనుకున్నాను. మేం ఫ్రాన్స్‌లో, బ్రిటనీ ప్రాంతంలోని రెన్ ఊళ్లో ఉంటాం. క్రెప్‌లకి పుట్టిల్లు లాంటి చోటు. ఏడాదిన్నరగా వీధి చివర కొనుక్కు తినడమే తప్ప ఇంట్లో ఒక్కసారీ చేయలేదు. మా ఆయన ఆ అంకె చూసి "పది రాస్తే పోయేదిగా" అన్నారు. అప్పటికే సంతకం కూడా పెట్టేశాను.

జనవరి 17, శనివారం పొద్దున మెట్రో ఎక్కి లీస్ సంతకి వెళ్లాం. కూరగాయల కోసమే వెళ్లినా, ఆ రోజు గాలెత్ బండి దగ్గరే అరగంట నిలబడిపోయాను. గాలెత్ అంటే నల్లగోధుమ పిండితో పోసే ఉప్పటి అట్టు. పేరుకి గోధుమే గానీ గోధుమ జాతి కాదు, మన ఉత్తరాదివాళ్లు ఉపవాసాలకి వాడే కుట్టు పిండి ఇదే. అందులో కాల్చిన సాసేజ్ చుట్టి కాగితంలో పెట్టి ఇస్తారు. రెన్ వాళ్లకి అది ప్రాణం. బండి ఆవిడ ఒక గరిటెడు పిండి పోసి, చెక్క పుల్లతో ఒక్క చుట్టు తిప్పేసరికి పెనమంతా పరుచుకుంది. అట్టు పది సెకన్లలో పారదర్శకంగా అయిపోయింది. "ఇది మన పేపర్ దోసే కదా!" అన్నాను మా ఆయనతో. ఆయన ఏమీ అనలేదు. ఆ మౌనానికి అర్థం మర్నాడు తెలిసింది.

జనవరి 18, ఆదివారం. మొదటి ప్రయత్నం.

దుకాణంలో పిండి సంచి మీద కేకు బొమ్మ చూసి, మెత్తగా ఉంటుందిలే అని అదే తెచ్చాను. అక్కడే మొదటి తప్పు. అందులో బేకింగ్ పౌడర్ ముందే కలిపి ఉంటుంది, సంచి పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉంటే నేను చూడలేదు. క్రెప్‌కి కావాల్సింది ఏమీ కలపని మామూలు పిండి. సంచి మీద టీ45 అనో టీ55 అనో ఉంటుంది, ఏదైనా పర్లేదు.

250 గ్రాముల పిండి, నాలుగు గుడ్లు, అర లీటరు పాలు, చిటికెడు ఉప్పు. కొలతలన్నీ సరిగ్గానే వేశాను. కలిపి చూస్తే నీళ్లలా ఉంది. ఇంత జారుగా ఉంటే అట్టెలా వస్తుంది అని నా చెయ్యి ఊరుకోలేదు, ఇంకో రెండు గుప్పెళ్ల పిండి వేసేశాను. దోసె పిండిలా వచ్చాక గానీ మనసు కుదుటపడలేదు. దోసెల పెనం పొయ్యి మీద పెట్టాను. సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి పెనం రుద్దాను. నీళ్లు చిలకరించాను. నడుమ పిండి పోసి, గరిటె అడుగుతో గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాను.

రెండో చుట్టుకే పిండి గరిటెకి అంటుకుని ఉండలా లేచొచ్చింది. మైదా, గుడ్డు కలిసిన పిండి వేడి తగలగానే గట్టిపడిపోతుంది. మన మినప్పిండిలా కాసేపు ఆగి, చెయ్యి చెప్పినట్టు జరగదు. పెనం మీద మధ్యలో దళసరిగా, అంచుల్లో చిరుగులుగా ఒక పటం తయారైంది. పైగా బేకింగ్ పౌడర్ వల్ల పొంగి ఊతప్పం అయింది. తొమ్మిది పోస్తే తొమ్మిదీ అంతే. పంచదార చల్లి ఒకటి మా చిన్నోడికి ఇచ్చాను. నమిలి, ఆలోచించి, "అమ్మా, ఇది ఉల్లిపాయ కేకా?" అన్నాడు.

వాణ్ణి తిట్టలేను. నిజంగానే ఉల్లిపాయ వాసన కొడుతోంది.

ఆ రాత్రి కొంచెం ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా. పరాయి దేశంలో భాష రాదు, ఉద్యోగం లేదు, వంట ఒక్కటే నాకు పూర్తిగా వచ్చిన పని అనుకుంటూ ఉంటాను. అదీ కుదరకపోతే ఎలా ఉంటుందో చూడండి. అమ్మకి వీడియో కాల్ చేస్తే "గుడ్డు ఎక్కువైందేమోనే, కాస్త బియ్యప్పిండి కలుపు" అంది. ఆవిడ దగ్గర అన్ని అట్లకీ మందు బియ్యప్పిండే.

జనవరి 21, బుధవారం. మధ్యాహ్నం బడి ఉండదు కాబట్టి చిన్నోడు వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, సినిమా చూడ్డానికి వచ్చినట్టు. ఈసారి సరైన పిండి. కొలతకి మించి ఒక్క చెంచా కూడా వేయలేదు. కానీ ఉండలు కడుతున్నాయని మిక్సీలో వేసి రెండు నిమిషాలు తిప్పాను. ఉండలు పోయాయి. పోసి చూస్తే క్రెప్ రబ్బరులా సాగింది, పళ్లతో లాగితే గానీ తెగలేదు. మైదాని అంతసేపు చిలికితే జిగురు సాగుతుంది, వెంటనే పోయకూడదు, కనీసం గంటో రెండు గంటలో పక్కన పెట్టాలి. మనం దోసె పిండి పులియడానికి రాత్రంతా ఉంచుతాం. ఇక్కడ పులవడానికి కాదు, జిగురు తగ్గి, పిండి పాలని పూర్తిగా పీల్చుకోవడానికి. మిగిలిన పిండి విసుగొచ్చి ఫ్రిజ్‌లో తోసేశాను. రాత్రి ఎనిమిదింటికి తీసి చూస్తే చిక్కబడి ఉంది. కాసిని పాలు పోసి పలచన చేసి పోస్తే, అదే పిండి, మెత్తగా వచ్చింది! ఎవరూ చెప్పకుండా నాకు తెలిసిన మొదటి సంగతి అది.

రెండోది గరిటె తిప్పకపోవడం. నాన్‌స్టిక్ పెనం బాగా కాలాక, చేత్తో పైకెత్తి, ఒక చిన్న గరిటెడు పిండి ఒక్కసారిగా పోసి, వెంటనే మణికట్టుతో పెనాన్నే గుండ్రంగా వంచాలి. పిండి తనంతట తానే పారాలి. పోసేది మూడు సెకన్లు, వంచేది మూడు సెకన్లు, అంతే. ఇక్కడ ఒక చిన్న చిక్కు. మాది ఇండక్షన్ పొయ్యి. పెనం ఎత్తగానే కీ కీ అని అరుస్తుంది, కాసేపటికి ఆగిపోతుంది. క్రెప్‌కి ఒకసారి చొప్పున ఆ అరుపు వినాలి. పన్నెండిట్లో ఆరు బాగా వచ్చాయి. కానీ నా పెనం చిన్నది, అడుగు 20 సెంటీమీటర్లు. చేతి రుమాలంత క్రెప్‌లు ముప్పై పట్టుకెళ్తే బాగోదనిపించింది. అక్కడితో ఆగి ఉంటే నాకు డబ్బూ మిగిలేది, పరువూ మిగిలేది.

జనవరి 24, శనివారం 26 యూరోలు పెట్టి ఇనప రేకుతో చేసిన 28 సెంటీమీటర్ల క్రెప్ పెనం కొన్నాను. మన ఇనప పెనంలాగే దీన్నీ ముందు నూనెతో పదును చేయాలి. వేడినీళ్లతో కడిగి పైపూత వదిలించి, ఆరబెట్టి, పలచగా నూనె రాసి, పొగ వచ్చేదాకా కాల్చి, తుడిచి, మళ్లీ. ఇలా మూడు నాలుగుసార్లు. తెల్లటి రేకు ముందు తేనె రంగుకి, తర్వాత ముదురు రంగుకి తిరుగుతుంది. ఇదంతా నాకు తెలిసిన పనే, మా అమ్మమ్మ పెనం అలాగే నల్లబడింది. అందుకే ధైర్యం ఎక్కువైంది.

జనవరి 25, ఆదివారం పొద్దున పది గంటలకి పొయ్యి మీద పెట్టి, తొందరగా అవుతుందని వేడి చివరంటా పెంచాను. రెండు విషయాలు ఒకేసారి జరిగాయి. పలచటి రేకు, నడిమధ్య మాత్రమే భగ్గున కాలే ఇండక్షన్ పొయ్యి. పెనం టక్‌మని శబ్దం చేసి మధ్యలో కిందకి ఉబ్బింది. మూకుడు అడుగులా. సరిగ్గా అదే సమయానికి పొగ అలారం మోగింది. 2015 నుంచి ఇక్కడ ప్రతి ఇంట్లో అది తప్పనిసరి. చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. మా ఆయన కుర్చీ ఎక్కి దాన్ని పీకే పనిలో ఉన్నారు. చిన్నోడు చెవులు మూసుకుని నవ్వుతున్నాడు. నేను కిటికీలన్నీ తెరిచాను. బయట 4 డిగ్రీలు.

తలుపు గంట మోగింది.

ఎదురింటి మదామ్. డెబ్బై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. అంతకుముందు లిఫ్టులో "బోంజూర్" తప్ప మా మధ్య మాటల్లేవు. పొగ చూసి లోపలికి నాలుగడుగులు వేసింది, పొయ్యి మీదున్న పెనం చూసింది. దాన్ని చేతిగుడ్డతో పట్టుకుని గట్టు మీద పెట్టి వేలితో ఒక్కసారి తిప్పింది. బొంగరంలా తిరిగింది. ఆవిడకి నవ్వాగలేదు. నాకూ ఆగలేదు. ముప్పై క్రెప్‌లు, బడి, ఫిబ్రవరి 2 అని నా ముక్కల ఫ్రెంచిలో చెప్పాను. బుధవారం మూడు గంటలకి మా ఇంటికి రా అంది.

(ఆ పెనం మళ్లీ చదును కాలేదు. ఎటు పోసినా పిండి మధ్యలోకి పారిపోతుంది. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లు ఇనప పెనం కొంటే మొదటి పది నిమిషాలు చిన్న మంట మీదే ఉంచండి. నా 26 యూరోలు మీకు మిగులుతాయి.)

జనవరి 28, బుధవారం. ఆవిడ వంటింట్లో గట్టు మీద నల్లగా నిగనిగలాడుతున్న పోత ఇనుము పెనం. 40 సెంటీమీటర్ల వెడల్పు, అంచు లేదు, కింద కరెంటు తీగ. దీన్ని బిలిగ్ అంటారు. పక్కన రెండు చెక్క సామాన్లు: టీ అక్షరం ఆకారంలో ఉన్న చిన్న పుల్ల, దాని పేరు రోజెల్. పొడుగ్గా, పలచగా కత్తిలా ఉండేది స్పానెల్, అంటే వాళ్ల అట్లకాడ. రోజెల్ నీళ్ల గిన్నెలో నానుతోంది. పొడిగా ఉంటే పిండి దానికే అంటుకుంటుందట. బిలిగ్‌ని ఏనాడూ నీళ్లతో కడగదట. తుడవడమే. ఆ మాట వినగానే ఈవిడ మన మనిషే అనిపించింది.

పిండి ఆవిడ కలిపిన తీరు చెప్తాను, ఎందుకంటే ఉండల బెడద అక్కడే తీరిపోయింది. 500 గ్రాముల పిండి మధ్యలో గుంట చేసి, ఆరు గుడ్లు కొట్టి వేసింది. పాలు పోయకుండా చెక్క గరిటెతో మధ్యలోంచి మెల్లగా కలుపుతూ పోయింది. చేతికి బరువు తగిలేంత గట్టి ముద్ద అయింది. ఆ ముద్దలో ఉండలు ఉండవు, ఉన్నా నలిగిపోతాయి. అప్పుడు ఒక కప్పు పాలు, కలిశాక ఇంకో కప్పు, అలా లీటరు. నేను చేసినట్టు పాలన్నీ ఒకేసారి గుమ్మరిస్తే పిండి ఉండలు కట్టి ఈదుతూనే ఉంటాయి. మూడు చెంచాల పంచదార, చివర్లో 50 గ్రాముల వెన్న కరిగించి, గింజ వాసన వచ్చి గోధుమరంగు తిరిగేదాకా కాచి పోసింది. ఇంచుమించు మన నెయ్యి కాచే వాసనే. ఆ వెన్న ఉప్పు వెన్న. బ్రిటనీలో ఉప్పు లేని వెన్నని పెద్దగా లెక్క చేయరు. పూర్వం రాజుల కాలంలో ఫ్రాన్స్‌లో చాలా చోట్ల ఉప్పు మీద పెద్ద పన్ను ఉండేదనీ, బ్రిటనీకి ఆ పన్ను లేదనీ, అందుకే వెన్నలో ఉప్పు దండిగా వేసుకునేవాళ్లనీ ఆవిడ చెప్పింది. పిండి గుడ్డ కప్పి గంటన్నర పెట్టాం. ఆ గంటన్నరా ఆవిడ పెళ్లి ఫొటోలు చూశాను.

పిండి చిక్కదనం ఎంత ఉండాలి అని అడిగితే గరిటె ముంచి తీసి వీపు చూపించింది. పలచగా పూతలా నిలిచింది, మీద వేలితో గీస్తే గీత మూసుకోలేదు. మన లెక్కలో చెప్పాలంటే రవ్వదోసె పిండి కన్నా ఒక పిసరు చిక్కన, మామూలు దోసె పిండి కన్నా చాలా పలచన.

తర్వాత ఆవిడ ఒక బంగాళాదుంపని సగానికి కోసి, ఫోర్కుకి గుచ్చి, కోసిన వైపు నూనెలో అద్ది పెనం రుద్దింది. నేను నోరు తెరుచుకుని చూశాను. మనం ఉల్లిపాయ, వాళ్లు బంగాళాదుంప! నా ఉల్లిపాయ క్రెప్‌ల సంగతి చెప్తే ఆవిడ కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

ఇక రోజెల్. పెనం మీద పిండి పోసి, ఆ పుల్లని పిండి అంచున ఆనించి, మణికట్టు తిప్పుతూ గడియారం ముల్లులా చుట్టు తిప్పాలి. ఆవిడ చేస్తే అట్టు అద్దంలా పరుచుకుంది. నేను చేస్తే చిరిగింది. మళ్లీ చిరిగింది. దోసె తిప్పేటప్పుడు గరిటె అడుగుతో కాస్త ఒత్తుతాం కదా, నా చెయ్యి అదే చేస్తోంది. "దూస్‌మాఁ, దూస్‌మాఁ" అంటోంది ఆవిడ. మెల్లిగా, మెల్లిగా అని. అయిదోసారి ఆవిడ నా వెనక నిలబడి, నా మణికట్టు కింద తన వేళ్లు ఆనించి పట్టుకుంది. రోజెల్ బరువు తప్ప ఇంకే బరువూ పెనం మీద పడకుండా. అప్పుడు తెలిసింది. పుల్ల పెనాన్ని తాకనే తాకదు, పిండి మీద తేలుతూ పోతుంది. పదకొండోది గుండ్రంగా వచ్చింది. ఆవిడ చప్పట్లు కొట్టింది. నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది, ఆవిడా ఇలాగే చెయ్యి పట్టుకుని నేర్పింది.

వేడి సంగతి కూడా మనకి తలకిందులే. దోసెకి పెనం మరీ కాలితే నీళ్లు చల్లి దింపుకుంటాం. ఇక్కడ అలా చల్లార్చే పనే లేదు. పోయగానే సుయ్‌మనాలి. అంచులు గోధుమరంగు తిరిగి వాటంతట అవే పైకి లేచినప్పుడు స్పానెల్ కిందకి తోసి తిప్పెయ్యాలి. తొందరపడితే చిరుగుతుంది. రెండో వైపు అరనిమిషం చాలు.

వెళ్లేటప్పుడు "ఆదివారం దాకా ఇది మీ ఇంట్లోనే ఉంచుకో" అని బిలిగ్ చూపించింది. నేను ఒక్కదాన్నీ ఎత్తలేకపోయాను, మా ఆయన వచ్చి మోశారు.

ఫిబ్రవరి 1, ఆదివారం. పది గంటలకి పిండి కలిపాను: 500 గ్రాములు, ఆరు గుడ్లు, లీటరు పాలు, 50 గ్రాముల వెన్న. పన్నెండుంపావుకి మొదలు. మొదటి నాలుగూ పోయాయి. క్రెప్ విషయంలో మొదటిది ఎప్పుడూ పోతుందని ఫ్రెంచివాళ్లే అంటారు, మనకీ మొదటి అట్టు పెనానికేగా. నాకు నాలుగు పోయాయి, అంతే తేడా. అయిదో దాని నుంచి చెయ్యి కుదిరింది. పదమూడోది పోసి రోజెల్ ఆనించానో లేదో, ఇల్లంతా కరెంటు పోయింది. గదుల్లో హీటర్లు, నీళ్ల గీజరు, ఈ బిలిగ్, వాటికి తోడు మా ఆయన చికెన్ కోసం ఒవెన్ కూడా వేశారు. మా కరెంటు కనెక్షన్ 6 కేవీఏ, అన్నీ ఒకేసారి వేస్తే తట్టుకోలేదు. మీటరు దగ్గరికి పరిగెత్తి బటన్ నొక్కేసరికి పెనం మీదున్నది అప్పడం అయింది. బిలిగ్ మళ్లీ వేడెక్కడానికి పది నిమిషాలు. ఆ రోజు చికెన్ మూడింటికి తిన్నాం, హీటర్లు ఆపేసి స్వెట్టర్లు వేసుకుని.

రెండింటికి అయిపోయింది. మొత్తం 34 పోస్తే మంచివి 29. మిగిలిన ఒక్కటీ ఎలాగా అని చూస్తే, గిన్నె అడుగున గరిటెడు పిండి ఉంది. దాన్ని పోసేటప్పుడు పడ్డ టెన్షన్ ముందు పోసిన వాటన్నిటికీ పడలేదు. అది వచ్చింది.

దొంతర పెట్టేటప్పుడు వేడివేడిగానే ఒకదాని మీద ఒకటి పేర్చి గుడ్డ కప్పాలి. మన దోసెలు అలా పెడితే మెత్తబడి పాడవుతాయని మనం పేర్చం, వీటికి ఆ మెత్తదనమే కావాలి. అంచులు కరకరలాడేవి కూడా పావుగంటలో పట్టుగుడ్డలా అవుతాయి. చల్లారాక పళ్లెంతో సహా చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు పొద్దున మరుగుతున్న గిన్నె మీద ఆ పళ్లెం పెట్టి ఆవిరికి వెచ్చచేశాను.

ఫిబ్రవరి 2, సోమవారం. క్రిస్మస్‌తో కలిపి లెక్కేస్తే నలభయ్యో రోజు. ఎనిమిదిన్నరకి పళ్లెం రెండు చేతుల్తో పట్టుకుని బడి గేటు దగ్గరికి వెళ్లాను, అట్లతద్ది వాయనం పట్టుకెళ్తున్నట్టు. నా ముందు నిలబడ్డ తల్లి సంచిలోంచి రెండు ప్లాస్టిక్ ప్యాకెట్లు తీసి టీచర్‌కి ఇచ్చింది. సూపర్‌మార్కెట్ క్రెప్‌లు. డజను రెండు మూడు యూరోలకి దొరుకుతాయి. వెనకాయన చేతిలోనూ అవే. తెచ్చిన ఆరుగురిలో నలుగురివి కొన్నవే! టీచర్ నా పళ్లెం మీద గుడ్డ తీసి చూసి "మీరే చేశారా?" అని రెండుసార్లు అడిగింది. అప్పటిదాకా మూడు వారాల్లో నేను పెట్టిన ఖర్చు లెక్కేసుకుంటూ ఉన్నాను: పెనం 26 యూరోలు, పిండి, గుడ్లు, పాలు, వెన్న కలిపి ఇంకో 24. మన డబ్బుల్లో అయిదు వేల పైమాటే. ప్యాకెట్లయితే పది యూరోల్లోపు తేలిపోయేది.

సాయంత్రం చిన్నోణ్ణి తీసుకొస్తూ అడిగాను, "ఎన్ని తిన్నావురా?"

"నాలుగు."

"బాగున్నాయా నావి?"

"నేను ప్యాకెట్‌వి తిన్నాను. నీవి ఇంట్లో ఎప్పుడూ ఉంటాయిగా."

నాకు వాడి మీద కోపం రాలేదు గానీ, ఒక వీధి దాకా మాట్లాడలేదు. తర్వాత వాడే చెప్పాడు, నా పళ్లెం ముందు ఖాళీ అయిందట, నిమ్మరసం పంచదార వేసుకుని అందరూ అవే తిన్నారట, వాడి వంతు వచ్చేసరికి ప్యాకెట్‌వే మిగిలాయట. సంగతి అదైతే ముందే చెప్పొచ్చుగా!

ఆ రాత్రి మదామ్‌ని భోజనానికి పిలిచాం. షాందెలర్ నాడు ఒక చేతిలో బంగారు నాణెం పట్టుకుని, రెండో చేత్తో పెనం ఎగరేసి క్రెప్‌ని గాల్లో తిప్పితే ఏడాదంతా డబ్బుకి లోటుండదని ఇక్కడి నమ్మకం. బంగారు నాణెం ఎవరి దగ్గర ఉంటుంది, ఒక యూరో బిళ్లతో కానిచ్చేస్తారు. మదామ్ నా చేతికున్న గాజులు చూసి "నీకు నాణెం ఎందుకు?" అంది. నాన్‌స్టిక్ పెనంతోనే ఎగరేశాను. మొదటిది సగం పొయ్యి అంచున వేలాడింది. రెండోది గుండ్రంగా తిరిగి పెనంలో పడింది. మా ఆయన వీడియో తీశారు, మొదటిదాన్ని మాత్రమే.

ఫిబ్రవరి 7, శనివారం, బిలిగ్ ఇంకా మా ఇంట్లోనే ఉంది కదా అని నల్లగోధుమతో కూడా పోసి చూశాను: 330 గ్రాముల పిండి, 10 గ్రాముల రాళ్లుప్పు, 750 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక గుడ్డు. ఇది మైదా కాదు కాబట్టి చిలికినా జిగురు రాదు, చేత్తో ఎంత కొడితే అంత మంచిది. పెనం ఇంకా గట్టిగా కాలాలి. పోయగానే రవ్వదోసెలా జల్లెడ చిల్లులు పడ్డాయి. మధ్యలో గుడ్డు కొట్టి, చీజ్ చల్లి, నాలుగు వైపులా మడిచాను. నాకు ఇదే తేలిగ్గా వచ్చింది, నిజం చెప్పాలంటే నాలుకకి కూడా ఇదే నచ్చింది. దీన్ని గాలెత్ అన్నానని మదామ్‌కి మాత్రం నచ్చలేదు. ఆవిడది పడమటి కొస, ఫినిస్తేర్ జిల్లా. అక్కడ దీన్ని కూడా క్రెప్పే అంటారట. రెన్ వాళ్లకి క్రెప్ వేరు, గాలెత్ వేరు. అట్టా దోసా అని మా ఇంట్లో అమ్మకీ అత్తయ్యగారికీ నడిచే తగువు నాకు తెలుసు కాబట్టి, మధ్యలో తల దూర్చలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం బిలిగ్ తుడిచి, మా ఆయన చేత మోయించి తిరిగి ఇచ్చేశాం. ఆవిడ పళ్లెం ఒకటి మా దగ్గర ఉండిపోయింది. ఖాళీ పళ్లెం ఎలా ఇస్తాం? పొద్దునే పెసరట్లు పోశాను, నాలుగు పెసరట్లు, పక్కన చిన్న గిన్నెలో అల్లం పచ్చడి పెట్టి ఇచ్చాను.

మర్నాడు లిఫ్టులో కలిసింది. పచ్చ క్రెప్‌లు చాలా బాగున్నాయి, ఉప్పు వెన్న రాసి, పంచదార చల్లి, నాలుగు మడతలు పెట్టుకుని తిన్నాను అంది. ఆ గోధుమరంగు జామ్ మాత్రం బ్రెడ్డు మీద దట్టంగా రాసుకున్నానని చెప్తూ గొంతు పట్టుకుని చూపించింది.

"మదామ్, అది జామ్ కాదు" అన్నాను.